మూసిన తలుపుల లెక్క: తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టరు గార్లకు, ముఖ్య ప్రణాళికాధికారులకు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మండల స్థాయి గణాంక అధికారిగా పనిచేసి రిటైరైన వాణ్ని. పంట కోత ప్రయోగాల కోసం తాడూ మేకులూ టేపూ పట్టుకుని వేరుశనగ చేలల్లోకి దిగి, కొలత వేసిన గడిలోని చెట్లు పీకించి, కాయ తూకం వేయించి, ఆ అంకెను పైకి పంపడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయో తేల్చడానికి ప్రభుత్వం ఏటా అంత శ్రమ పడుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ కారణంగా ఊళ్లకు ఊళ్లు మూసివేసిన నిర్ణయాల వల్ల మన దగ్గర ఎన్ని ప్రాణాలు దక్కాయి, ఎంత బతుకుతెరువు పోయింది, పోయినదాన్ని ఎవరు భరించారు అనే లెక్క మాత్రం జిల్లా స్థాయిలో ప్రజల ముందుకు వచ్చినట్టు నాకు కనబడలేదు. ఆ లెక్క ఇప్పుడే కట్టాలని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇప్పుడే అనడానికి కారణం ఒకటే: ఆ రోజుల పుస్తకాలు పాత కాగితాల కింద తూకానికి పోతున్నాయి.

అలా పోబోయిన పుస్తకం ఒకటి ఈ మధ్య నా చేతికొచ్చింది. తిరుపతి రైల్వే స్టేషనుకు నడక దూరంలో 34 గదులున్న ఒక చిన్న లాడ్జి రాకపోకల రిజిస్టరు అది. పేరు, ఊరు, ఎంతమంది, గది నంబరు, వచ్చిన వేళ, ఖాళీ చేసిన వేళ, అడ్వాన్సు అని గళ్లు కొట్టిన పెద్ద పుస్తకం. 2020 మార్చి 8, ఆదివారం నాడు 34 గదులూ నిండాయి. మార్చి 15, ఆదివారం నాడు 19. మార్చి 18న తొమ్మిది. తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచిపోయింది మార్చి 20న. ఆ మరుసటి రోజు నుంచి ప్రతి పుటలోనూ ఎర్ర సిరాతో ఏటవాలుగా ఒక గీత, దాని మీద ‘నిల్’ అన్న మాట, కింద గుమాస్తా పొట్టి సంతకం ఉన్నాయి. ఎవరూ రాని రోజులకు కూడా పుట ఎందుకు తిప్పావయ్యా అని అడిగితే, “జీతం సగం చేసినారు గానీ పుస్తకం రాయొద్దని ఎవురూ చెప్పలేదు సార్” అన్నాడు. జూన్ 11న సామాన్య భక్తులకు దర్శనం మళ్లీ మొదలైన రోజున రెండు గదులు నిండాయి. ఆ నెలాఖరు దాకా ఏ రోజూ అయిదు దాటలేదు.

ఈ అంకెల్లోనే లెక్కంతా ఉంది. మూసివేత వల్ల ఎంత నష్టమొచ్చిందని అడిగినప్పుడు చాలామంది మార్చి 8 నాటి 34ను ఒక పక్క, ఏప్రిల్ నాటి సున్నాను ఇంకో పక్క పెట్టి, తేడా మొత్తాన్ని ఉత్తర్వు ఖాతాలో రాసేస్తారు. కానీ ఉత్తర్వు రాకముందే 34 గదులు తొమ్మిదికి దిగాయి కదా! ఆ 25 గదులను ఖాళీ చేయించింది ఏ జీవోనో కాదు, జనం గుండెల్లోని భయం. అంటే ఉత్తర్వు నష్టాన్ని మార్చి మొదటి వారంతో పోల్చి లెక్కించకూడదు. ఉత్తర్వే లేకుండా రోగం మాత్రం ఊళ్లో తిరుగుతూ ఉంటే ఆ లాడ్జికి ఎన్ని గదులు నిండేవన్న ఊహతో పోల్చాలి. ఆ ఊహను వీలైనంత నిక్కచ్చిగా కట్టడమే ఈ పనిలో అసలు కష్టం.

ఈ ఊహకు దగ్గరగా వచ్చిన కొలత ఒకటి ఉత్తర ఐరోపాలో దొరికింది. 2020 మార్చిలో డెన్మార్కు దుకాణాలను, బడులను మూసింది, పక్కనే ఉన్న స్వీడన్ చాలామటుకు తెరిచే ఉంచింది. రెండు దేశాల్లోనూ ఖాతాదారులున్న ఒక పెద్ద బ్యాంకు లావాదేవీలను పరిశోధకులు చూస్తే, జనం ఖర్చు మూసిన డెన్మార్కులో సుమారు 29 శాతం, మూయని స్వీడన్‌లో సుమారు 25 శాతం పడిపోయింది. చట్టం వాటా ఆ నాలుగు శాతమే, మిగిలింది రోగం వాటా. అలాగని ఈ నిష్పత్తిని తెచ్చి తిరుపతికి అతికించకూడదు. ఇక్కడ దర్శనం లేకపోతే లాడ్జి లేదు, రైలు లేకపోతే యాత్రికుడే లేడు, ఇంట్లో కూర్చుని పని చేసుకునే వెసులుబాటు పూలు కట్టే మనిషికి లేదు. జూన్‌లో తలుపులు తెరిచాక కూడా మామూలుగా 60, 70 వేల మంది వచ్చే చోట రోజుకు 6,000 మందికి మించి అనుమతించలేదు, రైళ్లు సరిగ్గా నడవలేదు. కాబట్టి జూన్ నెలలోని ఆ అయిదు గదుల్లో భయానిదెంత, ఆంక్షలదెంత అన్నది విడిగా తేల్చాల్సిందే. మన జిల్లాలకు మన అంకె కావాలి.

దానికి కావలసిన ముడిసరుకు మన ఊళ్లోనే ఉంది. 2020 జూలై 21 నుంచి ఆగస్టు 5 వరకు తిరుపతి నగరంలో దుకాణాలు ఉదయం 11 గంటలకల్లా మూసెయ్యాలన్నారు, అదే రోజుల్లో కొండపైన దర్శనం మాత్రం కొనసాగింది. ఒకే ఊరు, ఒకే రోగం, రెండు రకాల నియమాలు. పరిశోధకులు ఇలాంటి సందర్భం కోసం దేశాలు గాలిస్తారు. ఆ పదహారు రోజుల్లో ఇటు నగరంలోనూ, అటు చుట్టుపక్కల ఆ ఆంక్ష లేని పట్టణాల్లోనూ వ్యాపారం ఎంత పడింది, కేసులు, మరణాలు ఎలా నడిచాయి అని పక్కపక్కన పెట్టి చూస్తే, సగం రోజు మూసివేత ఏమిచ్చింది, ఏం తీసుకుంది అన్నది కొంతైనా తేలుతుంది. జూన్ 11 తరువాత రెండు నెలల్లో దేవస్థానం సిబ్బందిలో ఏడువందల మందికి పైగా రోగం బారిన పడ్డారన్నది కూడా అదే పుటలో రాయాల్సిన సంగతి. తెరవడానికీ ఖర్చుంటుంది.

వ్యాపారం ఎంత పడిందో జీఎస్టీ వసూళ్లు చూసి చెబుతామంటే నేను ఒప్పుకోను. ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్మేవారికి, 20 లక్షల లోపు సేవలందించేవారికి సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. రోజుకు వెయ్యి రూపాయల లోపు అద్దె ఉన్న గదులకు 2022 జూలై దాకా ఆ పన్నే లేదు. నేను చెప్పిన లాడ్జిలో గది అద్దె 600. అంటే ఆ లాడ్జీ, దాని ముందు ఇడ్లీ బండీ, ఎదుటి సందులో కుంకుమ, పసుపుతాళ్లు అమ్మే ముసలమ్మా ఆ నెలల్లో పన్ను లెక్కలకు కనబడనే లేదు. నిండుగా ఉన్నప్పుడు కనబడనివాళ్లు ఖాళీ అయినప్పుడూ కనబడరు. దీనికంటే విద్యుత్ మీటరు నయం. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కాబట్టి, వాణిజ్య కనెక్షన్ల నెలవారీ వాడకాన్ని వీధి వారీగా, పేర్లు లేకుండా తీసుకోవడం పెద్ద పని కాదు. రీడింగు తీయకుండా సరాసరి మీద బిల్లు వేసిన నెలలను పక్కన పెట్టుకోవాలి, అంతే. ఆర్టీసీ టికెట్లు, మార్కెట్ యార్డుల్లో రాబడి పుస్తకాలు, ఉపాధి హామీ మస్టర్లు కూడా పనికొస్తాయి. దేశం మొత్తం మీద ఉపాధి హామీ పనిదినాలు 2019-20లో సుమారు 265 కోట్లుంటే, మరుసటి ఏడు సుమారు 389 కోట్లయ్యాయి. ఆ పెరుగుదలలో మన మండలాల వాటా ఎంతో చూస్తే, పట్నంలో పని పోయి ఊరు చేరినవాళ్ల జాడ దొరుకుతుంది.

నష్టం ఎప్పుడూ ఉత్తర్వు ఇచ్చిన ఊళ్లోనే పడదు. 2020 మే నెల మొదట్లో చెన్నైలోని కోయంబేడు మార్కెట్‌లో రోగం పాకి దాన్ని మూసేశారు. ఆ నిర్ణయం పొరుగు రాష్ట్రానిది, అందులో తప్పు పట్టడానికీ లేదు. కానీ కోయంబేడును నమ్ముకుని టమోటా, కూరగాయలు పండించిన మన పడమటి మండలాల రైతు ఆ నష్టం బిల్లు కట్టాడు. ఆ బిల్లు తమిళనాడు లెక్కలోకి రాదు, మనమూ రాసుకోకపోతే ఏ లెక్కలోకీ రాదు.

ఇక ప్రాణాల గడి. కేసుల సంఖ్యను నమ్మి ఏ నిర్ణయాన్నీ మెచ్చుకోకూడదు, తప్పుపట్టకూడదు. పరీక్షలు ఎక్కువ చేసిన చోట కేసులు ఎక్కువ కనబడతాయి. 2021 జూన్, జూలై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి చేసిన నాలుగో సర్వేలో రోగంతోనో టీకాతోనో ఒంట్లో పుట్టే రక్షక ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, ఉన్నవారు కేరళలో 44.4 శాతం, మన రాష్ట్రంలో 70.2 శాతం తేలారు. రోజువారీ బులెటిన్లలో మాత్రం ఆ రోజుల్లో అందరి వేళ్లూ కేరళ వైపే చూపించాయి. దాచిపెట్టకుండా లెక్కపెట్టినవాడు దోషిగా కనబడడం మన కొలతల్లో ఉన్న వంకర.

మరణ కారణం చూసి లెక్కపెట్టడమూ కుదరదు. దేశంలో నమోదయ్యే మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు కూడా చేరవు. మా ఇంటి సంగతే చెబుతాను. మా బావమరిది 2021 మే రెండో వారంలో ఇంట్లోనే పోయాడు. నాలుగు రోజులు జ్వరం, అయిదో రోజు ఊపిరి అందలేదు, ఆసుపత్రిలో మంచం దొరకలేదు, పరీక్ష చేయించే వ్యవధి లేదు. మరణ ధ్రువపత్రంలో పేరు, తేదీ, చోటు ఉన్నాయి, వైరస్ పేరు లేదు. తరువాత కోవిడ్ మృతుల కుటుంబాలకు ఇచ్చే 50 వేల రూపాయల సాయానికి మా చెల్లెలు దరఖాస్తు పెడితే, పాజిటివ్ కాగితం తెమ్మని ఒక కార్యాలయం రెండుసార్లు తిప్పింది. ఆ కార్యాలయాన్ని నేను నిందించను, వాళ్ల చేతిలో ఉన్న ఫారం అలా ఉంది. కానీ రాష్ట్రం అధికారికంగా చెప్పిన 14,700 పైచిలుకు కోవిడ్ మరణాల్లో మా బావమరిది లేడు. ఎంతమంది ఇళ్లల్లో ఇదే కథో, సాయం కోసం వచ్చిన దరఖాస్తులు అధికారిక మరణాలను మించిపోయినప్పుడే తెలిసింది.

అతణ్ని వదలకుండా లెక్కలోకి తెచ్చే కొలత ఒకటుంది. కారణం అడగకుండా, ఆ నెలలో మొత్తం ఎంతమంది పోయారు, మామూలు ఏళ్లలో అదే నెలలో ఎంతమంది పోయేవారు అని చూసి, తేడాను అదనపు మరణాలుగా తీసుకోవడం. దేశంలో నమోదైన మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల. నమోదు చేయించే అలవాటూ జనాభా వయసూ ఏటా పెరుగుతున్నాయి కాబట్టి అదంతా మహమ్మారి ఖాతాలో వేయలేం. అలాగని 2021 చివరికి చెప్పిన 4.8 లక్షల అధికారిక కోవిడ్ మరణాలతో దాన్ని సరిపెట్టుకోనూ లేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఆ రెండేళ్లకు మన దేశంలో అదనపు మరణాలు 47 లక్షలని అంచనా వేసింది, ఆ గణిత నమూనా మాకు వర్తించదని కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఢిల్లీ, జెనీవాల మధ్య ఆ వాదన ఎలా తేలినా, మన పంచాయతీ కార్యదర్శుల దగ్గర, నగరపాలక సంస్థల దగ్గర ఉన్న మరణ రిజిస్టర్లకు ఏ నమూనా అవసరమూ లేదు. తలలు లెక్కపెడితే చాలు.

ఆ లెక్క కట్టేటప్పుడు రెండు చోట్ల కాలు జారే ప్రమాదముంది. మొదటిది, నమోదు చేసిన తేదీని కాకుండా మరణించిన తేదీని తీసుకోవాలి, ఎందుకంటే 2021 మేలో పోయినవారిలో చాలామంది కాగితాలు జూన్, జూలైలలో గుట్టగా వచ్చిపడ్డాయి. రెండోది, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత చిత్తూరు జిల్లా సరాసరిని నేటి తిరుపతి జిల్లాతో పోల్చడం మామిడికాయను నిమ్మకాయతో తూచడమే. లెక్క మండలం వారీగా కడితే ఏ హద్దు ఎన్నిసార్లు మారినా మళ్లీ కలుపుకోవచ్చు.

ప్రభుత్వ స్పందనను అంకెలతో తూచిన సూచీలు ఉన్నాయి కదా, అవి చాలవా అని ఎవరైనా అడగవచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి సూచీలో 2020 ఏప్రిల్ నాటి భారతదేశం 100కు 100 తెచ్చుకుంది. ఆ నూరు ఉత్తర్వు ఎంత కఠినంగా ఉందో చెబుతుంది, వీధిలో అది ఎంత అమలైందో, ఏం ఫలితమిచ్చిందో చెప్పదు. అంతకుముందు 2019లో, మహమ్మారికి ఏ దేశం ఎంత సిద్ధంగా ఉందో చెబుతూ వచ్చిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో అమెరికాకు 83.5 మార్కులతో మొదటి స్థానం, బ్రిటన్‌కు రెండో స్థానం ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే ఆ రెండు దేశాల్లో ఏం జరిగిందో చూశాం. కొలిచేవాడు కాగితాన్ని కొలిస్తే కాగితం గురించే తెలుస్తుంది. తిరుపతివాళ్లకు మూసివేత కొత్తేమీ కాదని కూడా ఇక్కడ గుర్తు చేయాలనిపిస్తోంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటకూడదని మా పెద్దలు కట్టడి చేసేవారు. ఆ కట్టడికి మొదలెప్పుడో చివరెప్పుడో ఊరందరికీ ముందే తెలిసేది. మన ఉత్తర్వులకు ఆ పాటి స్పష్టత కూడా లేకపోయింది, రాత్రి పదింటికి వచ్చిన సర్క్యులర్ తెల్లవారి ఆరింటికి అమల్లోకి వచ్చేది.

కొన్ని ఖర్చులు అప్పటికప్పుడు కనబడవు. 2020 మార్చిలో మూతపడిన బడులు పెద్ద తరగతులకు ఆ ఏడు నవంబరు 2న, చిన్న పిల్లలకు మరుసటి ఏడు ఫిబ్రవరిలో తెరిచారు. ఏప్రిల్‌లో మళ్లీ మూసి ఆగస్టు 16న తెరిచారు. 2018లో మన రాష్ట్రంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 22.6 శాతం, 2022 నాటికి 10.3 శాతం అని, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే నివేదిక చెప్పింది. ఈ పడిపోవడం ఏ త్రైమాసిక ఉత్పత్తి గణాంకాల్లోనూ కనబడదు, ఆ పిల్లలు పెద్దవాళ్లై కూలికి పోయినప్పుడు రోజు కూలిలో కనబడుతుంది. క్షయ సంగతీ అంతే. దేశంలో గుర్తించిన క్షయ రోగులు 2019లో 24 లక్షలు, 2020లో 18 లక్షలు. ఆరు లక్షల మందికి రోగం నయమై తగ్గలేదు, దగ్గుతూ ఇళ్లలో ఉండిపోయారు. ఒక రోగాన్ని ఆపడానికి పెట్టిన ఖర్చులో ఇంకో రోగం పెరగడాన్ని కూడా రాసుకోవాలి.

ప్రాణానికి రూపాయల్లో వెల కట్టి రెండు గడులనూ ఒకటిగా కూడేద్దామనే ఆర్థికవేత్తలున్నారు. అమెరికాలో 2020 అక్టోబరులో కట్లర్, సమ్మర్స్ అనే ఇద్దరు మహమ్మారి మొత్తం ఖర్చు 16 లక్షల కోట్ల డాలర్లని తేల్చినప్పుడు, ఒక్కో ప్రాణానికి 70 లక్షల డాలర్లు వేసుకున్నారు. ఈ పద్ధతిలో వెల సాధారణంగా ఆదాయాన్ని బట్టి మారుతుంది. దాన్ని మన దగ్గర వాడితే శ్రీకాళహస్తి కలంకారీ పనివాడి ప్రాణం రేణిగుంటలో విమానం దిగే యాత్రికుడి ప్రాణం కంటే చవకవుతుంది. ఆ లెక్కలో నేను పాలు పంచుకోను. ప్రాణాలను వయసుల వారీగా ఒక గడిలో, రూపాయలను ఇంటి ఆదాయాల వారీగా ఇంకో గడిలో ఉంచి, రెంటినీ కలపకుండా ప్రజల ముందు పెట్టండి. ఏది ఎక్కువ బరువో తేల్చవలసింది ఎన్నికైనవారు, అదీ బహిరంగంగా.

మీరు వాడిన అధికారాలు 1897 నాటి అంటువ్యాధుల చట్టం నుంచి, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం నుంచి వచ్చాయి. 1897 చట్టం అవసరమనుకున్న ఆంక్షలు పెట్టే అధికారం ఇస్తుంది కానీ మూసినదానికి తరువాత లెక్క అప్పజెప్పాలని ఎక్కడా చెప్పదు. చట్టం అడగకపోయినా మీరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. 2015 నుంచి 2023 వరకు మండలం వారీగా, నెలవారీగా, వయసుల వారీగా మొత్తం మరణాలను, పేర్లు తీసేసి, ప్రజలకు అందుబాటులో పెట్టండి. 2020 మార్చి నుంచి రెండేళ్లపాటు ఈ రెండు జిల్లాల్లో వెలువడిన ప్రతి ఆంక్ష, సడలింపు ఉత్తర్వును తేదీ, ప్రాంతం, కారణంతో సహా ఒకచోట చేర్చండి. ప్రతి మండలంలో కొన్ని ఇళ్లను, కొన్ని చిన్న దుకాణాలను చీట్లు తీసి ఎంపిక చేసి, ఆ రెండేళ్లలో చేసిన అప్పు, అమ్ముకున్న నగ, బడి మానిన పిల్లల వివరాలు అడిగించండి. పంట కోత ప్రయోగానికి గడిని ఎంపిక చేసే పద్ధతే దీనికీ సరిపోతుంది, మన గణాంక సిబ్బందికి అది వెన్నతో పెట్టిన విద్య. ఇక మీదట ఇలాంటి ఉత్తర్వు మళ్లీ ఇవ్వవలసి వస్తే, దాంతోపాటే ఏ అంకె ఎంతకు దిగితే సడలిస్తారో, మూడు వారాల తరువాత ఏ అంకెలు చూసి అది పనిచేసిందని చెబుతారో రాసి పెట్టండి.

ఫలితం ఎవరికి ఇబ్బంది కలిగిస్తుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మూసివేతలు నేను అనుకున్నదానికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడాయని తేలవచ్చు, కొన్ని రోజుల మూసివేత ఉత్తి దండగని తేలవచ్చు. ఏది తేలినా అచ్చువేయండి.

లాడ్జి యజమాని అనుమతితో ఆ రిజిస్టరు ప్రస్తుతం మా ఇంట్లో ఉంది. యాత్రికుల పేర్లున్న గడిని కప్పేసి, తక్కిన గళ్లను జిరాక్స్ తీయించి పెట్టాను. గుమాస్తా కూడా వచ్చి తన రాత తానే చదివి చెబుతానన్నాడు. ముఖ్య ప్రణాళికాధికారి గారి కార్యాలయం ఏ పనిదినాన రమ్మన్నా ఇద్దరం వస్తాం.

భవదీయుడు,
విశ్రాంత గణాంక అధికారి, తిరుపతి